ఏడు గంటల స్కోలిన్

ఆపరేషన్ కోసం కండరాలు సడలించడానికి మత్తు డాక్టర్‌గా నేనిచ్చిన మందు స్కోలిన్. ఐదు పది నిమిషాల్లో దిగిపోవాల్సింది, ఏడు గంటల దాకా దిగలేదు. కేసు ఇంతే. పేషెంట్ నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. అయితే ఆ ఏడు గంటల్లో ఒక పన్నెండు నిమిషాల పాటు నేను చేసిన తప్పు ఉంది. దాని గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పేషెంట్ అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

పేషెంట్

24 ఏళ్ళ యువకుడు, 68 కిలోల బరువు. మధ్యాహ్నం బంధువుల గృహప్రవేశంలో కడుపునిండా భోజనం చేశాడు. సాయంత్రానికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. చీకటి పడేసరికి అది కుడివైపు కిందికి దిగింది, రెండు వాంతులయ్యాయి. రాత్రి 9:40కి ఆసుపత్రికి తీసుకొచ్చారు. జ్వరం 101, నాడి 112, బీపీ 124/78, తెల్లకణాలు 16,800. స్కానింగ్‌లో వాచిన అపెండిక్స్, దాని పక్కన కొద్దిగా నీరు కనిపించాయి. పగిలేలా ఉంది, తెల్లారేదాకా ఆగొద్దు, లాపరోస్కోపీ చేసేద్దాం అన్నారు సర్జన్.

నా వంతు పరీక్ష చేశాను. షుగర్, ఆస్తమా, ఫిట్స్ ఏవీ లేవు. ఇంతకుముందు ఏ ఆపరేషనూ జరగలేదు. నోరు బాగా తెరుచుకుంటోంది, మెడ బాగా కదులుతోంది, ట్యూబ్ వేయడం కష్టం కాదు. లివర్, కిడ్నీ టెస్టులు మామూలుగానే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అని అడిగాను. తండ్రి లేదన్నారు. ఫారంలో 'లేదు' దగ్గర టిక్ పెట్టేసి లేచాను. పక్కనే నిలబడ్డ తల్లిని, పెద్దమ్మని అడగలేదు. ఆ ప్రశ్న ఎంత మొక్కుబడిగా అడిగానో తెల్లవారుజామున అర్థమైంది.

మత్తు ఒక్క మందు కాదు

బయట అందరూ 'మత్తు ఇంజెక్షన్' అంటారు, అదేదో ఒకటే ఇంజెక్షన్ అయినట్టు. నిజానికి జనరల్ ఎనస్థీషియా అంటే వేరువేరు పనులు చేసే మందులని ఒకే సమయంలో నడపడం. నిద్ర ఒకటి, నొప్పి తెలియకుండా చూడడం ఇంకొకటి, కండరాలను వదులు చేయడం మరొకటి. ఇతనికి ఇచ్చిన మందులతోనే చెబుతాను.

నిద్రకి ప్రొపొఫాల్ ఇచ్చాను. సోయా నూనెలో కలిపి చిలికిన మందు కాబట్టి పాలలా తెల్లగా ఉంటుంది. కిలోకి 2 మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి ఇస్తే అర నిమిషంలో మనిషి నిద్రలోకి జారిపోతాడు. మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే సహజ రసాయనం పనికి ఇది బలం ఇస్తుంది. కానీ ఒక్క డోసుతో వచ్చిన నిద్ర ఐదు పది నిమిషాలే. మందు మెదడు వదిలి ఒళ్ళంతా సర్దుకోగానే తేలిపోతుంది. ఆ తర్వాత నిద్రని నిలబెట్టేది ఐసోఫ్లూరేన్ ఆవిరి. అది ఊపిరితో లోపలికి వెళ్తుంది, ఊపిరితోనే బయటికి వస్తుంది. డయల్ తిప్పి ఆపేస్తే కొద్ది నిమిషాల్లో పలచబడిపోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే తిరుగుతుంది.

నొప్పికి ఫెంటానిల్. మార్ఫిన్ కుటుంబంలోది, డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మనిషి నిద్రలో ఉన్నా కోత పడితే గుండె పరిగెడుతుంది, బీపీ లేస్తుంది. దాన్ని ఇది అణిచి ఉంచుతుంది.

మూడోది మజిల్ రిలాక్సెంట్. గొంతులో ట్యూబ్ పోవాలన్నా, సర్జన్‌కి పొట్ట మెత్తగా దొరకాలన్నా కండరాలు సడలాలి. ఈ మందులకి నిద్రతో గానీ నొప్పితో గానీ ఏ సంబంధమూ లేదు. ఒక్క రిలాక్సెంట్ మాత్రమే ఇచ్చారనుకోండి, మనిషి పూర్తి మెలకువతో, అన్నీ వింటూ, అన్నీ తెలుస్తూ, వేలు కూడా కదపలేక, ఊపిరి కూడా తీసుకోలేక పడి ఉంటాడు. చూసేవాళ్ళకి మాత్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది.

కడుపు నిండుగా ఉన్న పేషెంట్‌కి ఒక ప్రమాదం ఉంది. నిద్రపోగానే కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. అందుకే నిద్ర ఇవ్వడానికీ ట్యూబ్ వేయడానికీ మధ్య ఒక నిమిషం కంటే ఎక్కువ ఉండకూడదు. అంత తొందరగా పనిచేసి, అంతే తొందరగా దిగిపోయే రిలాక్సెంట్‌గా 1950ల మొదటి నుంచి పేరున్నది సక్సినైల్‌కోలిన్. థియేటర్లలో స్కోలిన్ అంటాం. ఫ్రిజ్‌లో పెట్టి ఉంచే చిన్న వయల్.

నరం కండరానికి పంపే సంకేతం పేరు అసిటైల్‌కోలిన్. స్కోలిన్ అణువు అంటే రెండు అసిటైల్‌కోలిన్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నట్టు. కండరం దాన్ని సంకేతమే అనుకుని ఒకసారి అల్లల్లాడుతుంది. కనురెప్పల నుంచి కాళ్ళ దాకా చర్మం కింద పురుగులు పాకినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత పూర్తిగా వదులైపోతుంది. దీన్ని తుంచేసేది రక్తంలో తిరిగే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. లివర్ దాన్ని తయారుచేస్తుంది. మేమిచ్చే స్కోలిన్‌లో తొంభై శాతానికి పైగా కండరం దాకా చేరకముందే ఈ ఎంజైమ్ చేతిలో తెగిపోతుంది, మిగిలిన కాస్తతోనే మా పని. అంటే ఎంజైమ్ లేని మనిషికి మామూలు డోసు ఇచ్చినా పదింతలు ఇచ్చినంత పని అవుతుంది, పైగా దాన్ని దింపేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆ రాత్రి

సెలైన్, యాంటీబయాటిక్స్, కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ వెళ్ళాయి. మూడు నిమిషాలు మాస్క్‌తో ఆక్సిజన్ పట్టాను. ఊపిరితిత్తుల్లో మామూలు గాలి ఉన్న చోటంతా ఆక్సిజన్ నిండితే, ట్యూబ్ వేయడం ఆలస్యమైనా పేషెంట్ కొన్ని నిమిషాలు తట్టుకుంటాడు. 11:05కి ఫెంటానిల్ 130 మైక్రోగ్రాములు, ప్రొపొఫాల్ 140 మిల్లీగ్రాములు, వెంటనే స్కోలిన్ 100 మిల్లీగ్రాములు. కడుపులోది పైకి రాకుండా టెక్నీషియన్ గొంతు దగ్గర క్రికాయిడ్ అనే మెత్తటి ఎముకని నొక్కి పట్టుకున్నాడు. ట్యూబ్ సులువుగా వెళ్ళింది. బయటికి వచ్చే ఊపిరిని గీతగా చూపించే క్యాప్నోగ్రాఫ్‌లో కార్బన్ డయాక్సైడ్ 36, గీత చక్కగా వస్తోంది. ఐసోఫ్లూరేన్ ఒక శాతం పెట్టి వెంటిలేటర్‌కి కలిపాను.

మామూలుగా ఈ పాటికి స్కోలిన్ దిగి, పేషెంట్ సొంతంగా చిన్న ఊపిరి తీయబోతాడు. క్యాప్నోగ్రాఫ్ గీత పైన చిన్న నొక్కు పడుతుంది. అప్పుడు ఎక్కువసేపు పనిచేసే రిలాక్సెంట్, అట్రాక్యూరియం ఇస్తాను. చాలామంది ట్యూబ్ పడగానే అట్రాక్యూరియం ఇచ్చేస్తారు. స్కోలిన్ దిగిందని కళ్ళతో చూడకుండా రెండోది ఇవ్వొద్దని పీజీలో మా మేడమ్ తిట్టి మరీ నేర్పారు. ఆ అలవాటే ఈ రోగనిర్ధారణని కాపాడింది. రెండోది కూడా ఇచ్చి ఉంటే తప్పు ఏ మందుదో తేలేది కాదు.

11:25 అయింది, నొక్కు రాలేదు. ఫెంటానిల్ కాస్త గట్టిగా పడిందేమో అనుకున్నాను. పొట్ట మెత్తగా ఉంది, సర్జన్ ఇంకేమీ అడగలేదు. 11:50కి "ఇవాళ రిలాక్సేషన్ భలే ఉంది బాస్, ఏం ఇచ్చారు?" అని కూడా అన్నారు. నాకు అక్కడే వెలగాల్సింది. స్కోలిన్ ఇచ్చి ముప్పావుగంట తర్వాత పొట్ట భలేగా ఉండడం మంచి వార్త కాదు. నరానికి చిన్న షాకులిచ్చి కండరం కదులుతోందో లేదో చూసే నరాల స్టిమ్యులేటర్ పెట్టి చూడాల్సింది. అది బీరువాలో ఉంది, బ్యాటరీ లేకుండా.

పన్నెండు నిమిషాలు

అపెండిక్స్ బయటికి వచ్చింది, పగల్లేదు. కుట్లు పడుతుండగా 12:05కి అలవాటు ప్రకారం ఐసోఫ్లూరేన్ ఆపేశాను. లేపాలి కదా. ఊపిరి రాలేదు. పేరు పెట్టి పిలిచాం. కళ్ళు తెరవలేదు, చెయ్యి నొక్కలేదు. "ఇంకా లేవట్లేదేంటి?" అన్నారెవరో. ఇంకొకరు "మత్తు గట్టిగానే పట్టినట్టుంది" అన్నారు. ఆ మాట అన్నది నేనే కావచ్చు.

12:15 ప్రాంతంలో నాడి 96 నుంచి 132కి ఎక్కింది. బీపీ 178/104. నొప్పేమో, ఇంకాస్త ఫెంటానిల్ ఇద్దామా అని ఆలోచిస్తుంటే టెక్నీషియన్ తల దగ్గర వంగి చూసి, "సార్, కళ్ళలో నీళ్ళు" అన్నాడు.

రెప్పలకి వేసిన ప్లాస్టర్ పక్క నుంచి కన్నీళ్ళు చెవి వైపు కారుతున్నాయి. ఒళ్ళు మాత్రం ఎక్కడా కదలడం లేదు.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. నిద్ర మందు తేలిపోయింది. రిలాక్సెంట్ దిగలేదు. మనిషి లోపల మెలకువగా ఉన్నాడు. ఊపిరిలో ఆవిరి ఎంత మిగిలిందో చూపించే మానిటర్ మా థియేటర్‌లో లేదు. ఉంటే ముందే కనిపించేది. అయినా మానిటర్ లేకపోవడం నాకు సాకు కాదు, గుండె వేగం, బీపీ కళ్ళముందే ఉన్నాయి. 12:17కి ప్రొపొఫాల్ 50, మిడజోలామ్ అనే ఇంకో నిద్ర మందు 2 మిల్లీగ్రాములు ఇచ్చి ఐసోఫ్లూరేన్ మళ్ళీ పెట్టాను. చెవి దగ్గరికి వంగి చెప్పాను: "ఆపరేషన్ అయిపోయింది నాన్నా. కండరాల మందు ఇంకా దిగలేదు, ఊపిరి మేం ఇస్తున్నాం. మళ్ళీ నిద్రపుచ్చుతున్నాను, భయపడకు." నాడి మూడు నిమిషాల్లో 90కి దిగింది.

స్టిమ్యులేటర్‌కి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. సిస్టర్ పైకి పరిగెత్తి మీటింగ్ హాల్లో ఉన్న కార్డ్‌లెస్ మైకులోది ఊడబెరుక్కొచ్చింది. మణికట్టు దగ్గర నరానికి వరసగా నాలుగు షాకులు ఇచ్చాను. బొటనవేలు ఒక్కసారి కూడా కదల్లేదు. నాలుగుకి సున్నా.

రివర్సల్ ఎందుకు ఇవ్వలేదు

ముందు మిగతా కారణాలన్నీ కొట్టేసుకున్నాను. ట్రేలో ఖాళీ ఆంప్యూళ్ళు, వయల్ మళ్ళీ చదివాను, మందు మారలేదు. షుగర్ 132, పొటాషియం 4.1, ఒంటి వేడి మామూలే. పురుగుమందు తాగినవాళ్ళలో కూడా ఈ ఎంజైమ్ పడిపోతుంది, మన జిల్లాల్లో ఏ మత్తు డాక్టరూ ఆ మాట మర్చిపోడు. కానీ ఇతని కనుపాపలు సూది మొనల్లా లేవు, నోట్లో చొంగ లేదు.

"రివర్సల్ ఇచ్చేయకూడదా?" అన్నారు సర్జన్. రివర్సల్ అంటే నియోస్టిగ్మిన్. అట్రాక్యూరియం లాంటివాటికి అది సరైన మందు: అసిటైల్‌కోలిన్ తెగకుండా ఆపుతుంది, పోగుపడ్డ అసిటైల్‌కోలిన్ రిలాక్సెంట్‌ని పక్కకి నెడుతుంది. స్కోలిన్ విషయంలో కథ తిరగబడుతుంది. స్కోలిన్ పనిచేసేదే అసిటైల్‌కోలిన్ లాగా, కాబట్టి పోగుపడ్డది దానికే తోడవుతుంది. పైగా నియోస్టిగ్మిన్ సూడోకోలినెస్టరేజ్‌ని కూడా అణిచేస్తుంది. ఉన్న ఆ కాస్త ఎంజైమ్‌ని మనమే చంపుకున్నట్టు. గంటలు గడిచాక స్కోలిన్ బ్లాక్ స్వభావం మారుతుంది, ఫేజ్ టూ అంటాం, అప్పుడు నియోస్టిగ్మిన్ కొందరికి పనిచేస్తుంది. అదీ నమ్మకంగా కాదు. ప్లాస్మా ఎక్కించొచ్చు, అందులో ఎంజైమ్ ఉంటుంది. కానీ కొన్ని గంటలు మిగుల్చుకోవడానికి వేరేవాళ్ళ రక్తంతో వచ్చే రిస్క్ పెట్టడం నాకు సబబు అనిపించలేదు.

కాబట్టి వైద్యం ఒక్కటే: నిద్ర, వెంటిలేటర్, ఓపిక. రక్తం నమూనా తీసి ఎంజైమ్ పరీక్షకి పక్కన పెట్టించి, పేషెంట్‌ని ఐసీయూకి మార్చి, ప్రొపొఫాల్ సన్నగా నడుపుతూ పక్కనే కుర్చీ వేసుకున్నాను.

1888, 1889లలో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో, అప్పటి మత్తు మందు క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి రెండు కమిషన్లు కూర్చున్నాయి. నడిపించింది ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్. క్లోరోఫామ్ ముందు ఆపేది శ్వాసనే, గుండెని కాదు, కాబట్టి చూడాల్సింది శ్వాసని అని తేల్చారు. గుండె విషయంలో వాళ్ళు పొరబడ్డారని తర్వాత రుజువైంది. కానీ ఆ రాత్రి నాకు ధైర్యం ఇచ్చింది ఆ మాటలోని రెండో సగమే. శ్వాస మా చేతిలో ఉంది. తక్కినదానికి టైమ్ పడుతుంది, అంతే.

3:10కి బొటనవేలు ఒకసారి అదిరింది. 4:30కి నాలుగూ వచ్చాయి, ఒకదాని కంటే ఒకటి నీరసంగా. 5 గంటలకి సొంత ఊపిరి మొదలైంది. నాలుగూ సమానంగా ఉన్నట్టు కంటికి కనిపించినా నమ్మలేం, కంటికి అంత సూక్ష్మం అందదు. నిద్ర మందు తగ్గించి, తల ఎత్తి ఐదు సెకన్లు నిలబెట్టగలిగే దాకా ఆగాను. 6:10కి ట్యూబ్ తీశాను.

బయట ఇంటివాళ్ళు. అర్ధరాత్రే వెళ్ళి చెప్పాను, ప్రాణానికి భయం లేదు, మందు దిగడానికి పొద్దున అవుతుంది అని. తండ్రికి టెన్షన్, కోపం, "ఎక్కువ మత్తు ఇచ్చారా?" అని అడిగారు. ఇచ్చింది మామూలు డోసే అని కాగితం చూపించాను. అప్పుడు పెద్దమ్మ నెమ్మదిగా అన్నారు: "బాబూ, మా చిన్నమ్మ కూతురికి కాన్పు ఆపరేషన్ అప్పుడు కూడా మర్నాటి దాకా మిషన్ పెట్టారు. మత్తు ఎక్కువైందన్నారు అప్పుడు."

ఇతనికే ఎందుకు

రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. సూడోకోలినెస్టరేజ్ 280 యూనిట్లు. ఆ ల్యాబ్ లెక్కలో మామూలు మనిషికి 5,300 నుంచి 12,900 ఉండాలి. పుస్తకాల్లో డిబుకేన్ నంబర్ అనే పరీక్ష ఉంటుంది, 80 దగ్గర ఉంటే మామూలు ఎంజైమ్, 20 దగ్గర ఉంటే లోపం ఉన్న రకం. కానీ అది ఉన్న ఎంజైమ్ గుణాన్ని కొలిచేది. ఎంజైమే లేనప్పుడు కొలవడానికి ఏమీ ఉండదు.

కుటుంబం ఆర్యవైశ్యులు. ఎంజైమ్ మాట వచ్చింది కాబట్టే కులం పేరు రాస్తున్నాను. ఈ ఎంజైమ్‌ని రాసే జన్యువులో ఒక మార్పు, అంటే ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే వేరేది ఉండడం, వైశ్య సముదాయంలో ఎక్కువగా ఉందని 2006లో ప్రచురితమైంది. తరతరాలుగా సొంతవాళ్ళలోనే పెళ్ళిళ్ళు చేసుకునే ఏ సమూహంలోనైనా పూర్వీకుల్లో ఒకరి మార్పు ఇలాగే నిలిచిపోతుంది. ఇతని తల్లిదండ్రులది మేనరికం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే లోపం పూర్తిగా బయటపడుతుంది. మామూలు జీవితంలో దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. స్కోలిన్ పడేదాకా ఎవరికీ తెలియదు. ఇదంతా నాకు పీజీ నుంచి తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి ఫారంలో టిక్ పెట్టి లేచాను. తెలిస్తే ఏం చేసేవాణ్ణి? స్కోలిన్ బదులు రోకురోనియం అనే రిలాక్సెంట్ కిలోకి 1.2 మిల్లీగ్రాములు ఇచ్చేవాణ్ణి. ట్యూబ్ వేయడానికి దాదాపు అంతే టైమ్ పడుతుంది, దాన్ని దింపడానికి సుగమడెక్స్ ఉంది. ఖరీదెక్కువే, కానీ ఐసీయూలో ఒక రాత్రి బిల్లు కంటే ఎక్కువ కాదు.

మంచం పక్కన

ఉదయం తొమ్మిదికి గొంతు కాస్త తేరుకున్నాక వెళ్ళి కూర్చున్నాను. ఏమైనా గుర్తుందా అని అడిగాను. సూటిగా అడగాలి, లేకపోతే పేషెంట్లు చెప్పరు, పిచ్చి అనుకుంటారని భయం.

"ఎవరో ఇంకా లేవట్లేదేంటి అన్నారు సార్. నేను లేచే ఉన్నాను."

నొప్పి పెద్దగా లేదన్నాడు. గొంతులో పైపు తెలిసింది, ఛాతీలోకి ఎవరో గాలి కొడుతున్నట్టు తెలిసింది. చచ్చిపోయానేమో, ఇదేనేమో అనుకున్నాడట. తర్వాత చెవి దగ్గర నా మాట. "అది విన్నాక కొంచెం నయం. ఆపరేషన్ అయిపోయిందని మీరంటే అర్థమైంది."

జరిగిందంతా చెప్పాను. స్కోలిన్ దిగకపోవడం అతని ఒంటి తీరు వల్ల, ఆ పన్నెండు నిమిషాలు నిద్ర లేకపోవడం నా వల్ల. క్షమించమని అడిగాను. తండ్రి ఎదురుగానే అడిగాను. కేసు షీట్‌లో కూడా అలాగే రాశాను. ఆ తర్వాత మూడు వారాలు లైటు వేసుకుని పడుకున్నాడని తల్లి చెప్పారు. వారానికోసారి ఫోన్ చేస్తూ ఉన్నాను. ఇంకా ఇబ్బంది ఉంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుదామనుకున్నాను, రెండో నెలకి ఆ అవసరం రాలేదు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమన్నాను. తల్లిదండ్రులిద్దరికీ మామూలులో సగం వచ్చింది. అక్కకి 310. ఆమెకి అప్పుడు ఏడో నెల. గర్భంలో ఈ ఎంజైమ్ ఎవరికైనా కొంత తగ్గుతుంది, ఆమెకి తగ్గడానికి కూడా ఏమీ లేదు. ఇద్దరికీ కార్డులు రాసి లామినేషన్ చేయించి ఇచ్చాను: స్కోలిన్, మివాక్యూరియం అనే రిలాక్సెంట్ ఇవ్వకూడదు. వెన్నులో మత్తుకి క్లోరోప్రొకేన్ వాడొద్దు, దాన్నీ ఇదే ఎంజైమ్ తుంచాలి. బుపివకేన్ వాడొచ్చు. ఈ ఎంజైమ్‌తో పని లేని మిగతా మత్తు మందులన్నీ మామూలే.

స్టిమ్యులేటర్ ఇప్పుడు మత్తు ట్రాలీ మీదే ఉంటుంది, సోమవారం సోమవారం బ్యాటరీ చూస్తాం. కుట్లు పడేటప్పుడు నాలుగు షాకులకి బొటనవేలు ఎన్నిసార్లు కదిలిందో చూశాకే ఐసోఫ్లూరేన్ డయల్ ముట్టుకుంటాను.

తొమ్మిదో నెలలో అక్క ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో ఆపరేషన్ అంటున్నారట. "వెన్నుకి సూది అన్నారు సార్. పూర్తి మత్తు కాదు కదా, కార్డు చూపించక్కర్లేదేమో?"

"చూపించమ్మా," అన్నాను. "వెన్నుకైనా చూపించు. వెన్ను మత్తు చాలకపోతే పూర్తి మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. ఆ డాక్టరు గారిని ఒకసారి నాతో మాట్లాడమను."

ఆ రాత్రి పదిన్నరకి ఆయన ఫోన్ చేశారు. రోకురోనియం థియేటర్‌లోనే ఉందన్నారు. సుగమడెక్స్ పక్క ఊరి నుంచి తెప్పిస్తున్నానన్నారు.